వలయం మింగిన హెర్లిందా

హెర్లిందా బర్రగాన్ నాలుక కొస ఎప్పుడూ బూడిద రంగులో ఉండేది. ఇరవై ఏడేళ్ళపాటు రోజుకు నాలుగైదు వందలసార్లు కుంచెను నాలుక మీద తిప్పి మొన తేల్చిన మనిషికి ఇంకెలా ఉంటుంది? కొత్త డాక్టరెవరైనా చూసి కంగారుపడితే, "ఏం లేదండీ, సిరా. తిండికన్నా అదే ఎక్కువ తిన్నాను" అనేది. ఆ రెండోమాట మాత్రం పచ్చి అబద్ధం. ఆవిడ తిండి సంగతి ఆల్టడీనాలో వాళ్ళ వీధంతటికీ తెలుసు.

పాసడీనా కొండల కింద, గ్రహాల మీదికి నౌకలు పంపే ఆ ప్రయోగశాలలో ఆవిడ పని మచ్చలు తీయడం. నెగెటివ్ మీద దుమ్ము పడితే ప్రింటు మీద తెల్లచుక్క వస్తుంది. వెంట్రుక పడితే తెల్లగీత వస్తుంది. పత్రికలవాళ్ళకిచ్చే ప్రింట్లలో అవి కనిపించకూడదు. చుట్టూ ఉన్న నలుపు ఎంత నలుపో, బూడిద ఎంత బూడిదో సరిగ్గా అంతే కలిపి, సన్న కుంచెతో చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోవాలి. గీస్తే దొరికిపోతారు. చుక్కలే పెట్టాలి. హెర్లిందా పెట్టిన చుక్కను భూతద్దం పెట్టి వెతికినా దేవుడికే కనిపించాలి.

ఆ చెయ్యి ఆవిడకు ఆకాశం వల్ల వచ్చింది కాదు, పెళ్ళికూతుళ్ళ వల్ల వచ్చింది. పద్దెనిమిదో ఏట ఫెయిర్ ఓక్స్ వీధిలో ఒక పెళ్ళి ఫొటోల స్టూడియోలో చేరింది. బుగ్గ మీద మొటిమ, గడ్డం మీద గాటు, నుదుటి మీద పడ్డ వెంట్రుక, పెళ్ళికొడుకు కంటి కింద ముందురాత్రి తాగిన గుర్తులు, అన్నీ మాయం చేసేది. "సగం పాసడీనా అందం నా చేతిలోంచి వచ్చిందే" అని గొప్పలు పోయేది. అందులో అబద్ధం లేదు. ఆవిడ మొగుడు ఎలీయాస్ కూడా మొదట ఆ స్టూడియోకి ఫొటోకే వచ్చాడు. ముక్కు మీద పులిపిరి తీసేయమన్నాడు. "ముక్కు బాగుంది, పులిపిరీ బాగుంది, నోరుమూసుకుని వెళ్ళు" అందట. మూడు నెలల్లో పెళ్ళి. పులిపిరి ఇప్పటికీ ఉంది.

ప్రయోగశాలలో చేరాక చంద్రుడి గుంటలు చూసింది, అంగారకుడి రాళ్ళు చూసింది. ఫొటో విభాగంలో అందరూ ఆవిణ్ణి 'తియా' అని పిలిచేవారు, అత్తా అన్నట్టు. ఫొటోలు కడిగే చీకటిగదికి పెద్ద అయిన వెండెల్ ప్రూట్ ఆవిడకన్నా నాలుగేళ్ళు పెద్దవాడు. ఆయనదీ అదే పిలుపు. ఆయన నోరు మంచిది కాదు, మనసు మంచిది. అలాంటివాళ్ళతో బతకడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

ఇక ఆ వలయం సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేస్తే ఆవిడ గురించి ఏమీ చెప్పనట్టే.

1979 మార్చిలో నౌక గురుగ్రహం పక్కనుంచి పోతూ, వలయం ఉందేమో చూద్దామని, ఖాళీ ఆకాశం వైపు పదకొండు నిమిషాలపాటు కెమెరా తెరిచి ఉంచి ఒకే ఫొటో తీసింది. ఉంటుందని ఎవరికీ నమ్మకం లేదు. ఆ ఫొటో ప్రింటొకటి కారిడార్‌లో పెట్టడానికి హెర్లిందా బల్ల మీదికొచ్చింది. నౌక కాస్త ఊగడంతో నక్షత్రాలన్నీ వంకరగీతలయ్యాయి. అవి నక్షత్రాలని ఆవిడకు తెలుసు, ముట్టుకోలేదు. వాటికి అడ్డంగా మాత్రం, ఉందా లేదా అన్నట్టు, పాలిపోయిన చార ఒకటుంది. పెళ్ళికూతురి చెంప మీద పడ్డ వెంట్రుకలాగా ఉంది. ఆవిడ చెయ్యి ఆలోచించలేదు. కుంచె నాలుక మీద తిప్పింది, నలుపు అద్దింది, చుక్కా చుక్కా పెట్టి చారను మూసేసింది. తర్వాత వెళ్ళి కాఫీ తాగింది.

రెండు రోజులకు పెద్దలంతా మైకుల ముందు నిలబడి గురుగ్రహానికి వలయం ఉందని చెప్పారు. టీవీలో ఆ ఫొటో చూపించారు. అదే ఫొటో కారిడార్‌లోనూ ఉంది. అందులో వలయం లేదు.

ముందుగా చూసింది వెండెల్. పగలబడి నవ్వాడు. హెర్లిందా మాత్రం లేచి, కుంచెలు కడిగి, గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని, ఎప్పుడు పొమ్మంటారా అని కుర్చీలో కూర్చుంది. మధ్యాహ్నం భోజనాల వేళకు డాక్టర్ హాల్వర్ నెస్‌హైమ్ ఆ ప్రింటు చంకలో పెట్టుకుని వచ్చాడు. గ్రహాల చుట్టూ వలయాలు వెతకడమే పనిగా పెట్టుకున్న మనిషి. తాటిచెట్టంత పొడుగు, గొంతు మాత్రం ప్రార్థన చెబుతున్నట్టు మెల్లగా ఉండేది.

"ఇది చేసింది మీరేనా, మిసెస్ బర్రగాన్?"

"నేనేనండీ."

"ఎంతసేపు పట్టింది?"

"నాలుగు నిమిషాలండీ."

"అది నిజంగా ఉందని నమ్మడానికి మా నలుగురికి రెండు రోజులు పట్టింది. మీరు నాలుగు నిమిషాల్లో చూసి, తీసేసి, చెయ్యి కూడా కడుక్కున్నారన్నమాట."

"తప్పైపోయింది డాక్టర్ గారూ. సంచి సర్దుకున్నాను."

"సంచి విప్పండి. చెరపాలంటే ముందు కనిపించాలి కదండీ? ఇక్కడ చాలామందికి కనిపించనే లేదు." ఆయన ప్రింటును వెలుగులోకి పట్టుకుని చూశాడు. "ఇది నాకిచ్చేయండి. నా గదిలో పెట్టుకుంటాను."

పెట్టుకున్నాడు కూడా, కుర్చీ వెనక గోడకి. ఎవరైనా అడిగితే "మా ప్రయోగశాలలో అందరికన్నా మంచి కన్ను చేసిన పని" అనేవాడు.

ఆయన క్షమించాడు, వెండెల్ ఊరుకోలేదు. కుంచె నాలుక మీద పెట్టుకుంటుంది కాబట్టి ఆ చార ఆవిడ కడుపులోకి పోయిందని తేల్చాడు. ఆ రోజు నుంచి ఆవిడ 'వలయం మింగిన హెర్లిందా'. నౌక ఏదైనా గ్రహం చేరేరోజున ప్రయోగశాలలో వేరుశనగపప్పులు పంచడం ఆనవాయితీ. వెనకెప్పుడో పప్పులు తింటూ కూర్చున్నరోజు నౌక క్షేమంగా చేరిందట. ఆ తర్వాత అవి లేకపోతే లెక్కల్లో పండిపోయినవాళ్ళకి కూడా కాళ్ళు వణుకుతాయి. వెండెల్ ప్రతిసారీ మొదటి పిడికెడు తెచ్చి ఆవిడ బల్ల మీద పోసేవాడు. "ఇవి తిను తియా, ఈసారి వలయాల జోలికి పోకు."

అందరూ నవ్వేవాళ్ళు, ఆవిడా నవ్వేది. కానీ పదేళ్ళలో ఒక్కసారి కూడా ఆవిడ కుంచె నల్లటి ఆకాశాన్ని ముట్టలేదు. నేల వస్తే చేసేది, మబ్బులొస్తే చేసేది, ఉద్యోగుల మొహాలొస్తే మొటిమలు తీసేది. ఆకాశమున్న ప్రింటొస్తే పక్కబల్లకు తోసేసేది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఎలీయాస్ ఒక్కడికే తెలుసు. ఆకాశం మీద కుంచె పెట్టబోతే ఆవిడ చెయ్యి వణుకుతుంది.

1989 ఆగస్టు ఆఖరులో, ఆ నౌకకు జంటగా పంపిన రెండో నౌక నెప్ట్యూన్ చేరింది. శుక్రవారానికి హెర్లిందా రిటైరవుతుంది. కార్ల పొగ పొగమంచులా కమ్మి కొండలు కనిపించడంలేదు. పొద్దున్నే ఎలీయాస్ చిక్కుడుగింజలు వేయిస్తూ సణిగాడు.

"ఇంకా నాలుగు రోజులే ఉంది కదే ముసలిదానా. ఒక్కసారి ఆ నల్లటిదాని మీద చెయ్యి వేసి చూడు. కరుస్తుందా?"

"నువ్వు గింజలు మాడ్చకుండా చూసుకో ముసలోడా."

"గింజలు మాడితే వేరేవి వేయించుకుంటాను. నువ్వు ఈ భయంతో ఇంటికొస్తే జీవితాంతం దాన్నీ నా పక్కన కూర్చోబెట్టి భోజనం పెట్టాలి."

ఆవిడ సంచి తీసుకుని బండెక్కింది.

నెప్ట్యూన్ దగ్గర పేచీ ఏమిటంటే, దాని చుట్టూ వలయం ఉందని నెస్‌హైమ్ తొమ్మిదేళ్ళుగా ఒకేమాట మీదున్నాడు. నెప్ట్యూన్ ఏదైనా నక్షత్రం ముందునుంచి పోయేటప్పుడు ఆ నక్షత్రం గ్రహం చాటుకు వెళ్ళకముందే ఒకసారి రెప్పవేసినట్టు ఆరి వెలిగితే, అక్కడ వలయం అడ్డొచ్చిందని అర్థం. కానీ ఆ నక్షత్రాలు ఒకవైపు ఆరేవి, రెండోవైపు ఆరేవి కావు. చాలాసార్లు ఏ వైపూ ఆరేవి కావు. అందుకని అందరూ అది వలయం కాదు, విడివిడి ముక్కలన్నారు. ముక్కలు కాదు, చుట్టూరా ఉంది, మిగతాచోట్ల కనిపించనంత పలచగా ఉందని ఈయన వాదన. సభల్లో నవ్వారు. ఒకాయన మొహంమీదే "హాల్వర్, నీకు వలయాల పిచ్చి" అన్నాడట. ఆ మాటకొస్తే పిచ్చి లేనివాడు తొమ్మిదేళ్ళు ఒకేమాట మీద ఉంటాడా?

సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు ఆయన హెర్లిందా బల్ల దగ్గరికి వచ్చాడు. రెండు పెద్ద ప్రింట్లు తెచ్చాడు. వాటిని బల్ల మీద పెట్టబోయి అంచు మీద పెట్టాడు. అవి కిందపడ్డాయి. ఆవిడ తీసి పెట్టింది. ఆయన కూర్చున్నాడు, ఆవిడ మొహం వైపు కాక చెవి పక్కకు చూస్తూ.

"కళ్ళు ఎప్పట్నుంచండీ?" అంది హెర్లిందా.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఎవరు చెప్పారు?"

"మొహాలతో బతికినదాన్నండీ. వసంతకాలం నుంచి చూస్తున్నాను. మీరు ఎవర్నీ సూటిగా చూడటంలేదు."

"సూటిగా చూస్తే అదే మాయమైపోతుందండీ. మధ్యలో ఒక మచ్చ. అంచులే మిగిలాయి." నవ్వాడు. "మీరు తీయగలిగే మచ్చయితే ఎంత బాగుండేది."

వలయాల కోసం జీవితమంతా కళ్ళు పెట్టుకు కూర్చున్న మనిషికి, తీరా వలయం దగ్గరికి నౌక చేరినరోజున ఆ కళ్ళు పోవడమేమిటి! దేవుడికి బొత్తిగా సమయం సందర్భం తెలీదని ఆవిడ అప్పుడే పైకి అనేసింది.

"అది పక్కన పెట్టండి. నౌక గ్రహాన్ని దాటిపోయి, వెనక్కి తిరిగి సూర్యుడివైపు చూస్తూ ఈ రెండూ తీసింది. ఒక్కోటి పది నిమిషాలు. గ్రహం అంచు మరీ వెలిగిపోతుంటుంది కాబట్టి దాన్ని మధ్యలో వదిలేసి ఇటు సగం, అటు సగం. సూర్యుడికి ఎదురుగా చూస్తే దుమ్ము వెలుగుతుంది."

"ఇల్లు ఊడ్చేటప్పుడు కిటికీ ఎండలో కనిపించినట్టు."

"సరిగ్గా అంతే. అందరూ చెప్పే ఆ వెలుగైన ముక్కలు ఆ సమయానికి ఈ రెండింటిలోకీ రాలేదు. కాబట్టి ఇందులో గీత ఉంటే వలయం చుట్టూరా ఉన్నట్టు. లేకపోతే తొమ్మిదేళ్ళుగా నేను తప్పు. రేపు పొద్దున పదింటికి మైకు ముందు ఆ మాట నేనే చెప్పాలి, ఏదో ఒకటి."

"పైన అంతమంది ఉన్నారు కదండీ. వాళ్ళు చూడలేదా?"

"చూశారు. ఉందన్నారు. 'అదిగో హాల్వర్, చుట్టూరా ఉంది' అని భుజం తట్టారు. వాళ్ళకు నా కళ్ళ సంగతి తెలిసిపోయింది మిసెస్ బర్రగాన్. వాళ్ళంతా అది నాకోసం ఉండాలని కోరుకుంటున్నారు. ముసలాడికి పుట్టినరోజు కేకు పెట్టినట్టు. కంప్యూటరు వెలుగు పెంచుకుంటూపోతే కావాల్సినవాడికి కావాల్సింది కనిపిస్తుంది." ఆయన కుర్చీ ముందుకు జరిపాడు. "ఈ భవనంలో వలయాన్ని చూసి దుమ్మని చెరిపేసిన మనిషి మీరొక్కరే. నాకు అలాంటి కన్ను కావాలి. ఇవి అదనంగా తీసిన ప్రింట్లు, పాడైనా పరవాలేదు. ఎక్కడ కనిపిస్తే అక్కడ తెల్లరంగు పెట్టండి, మందంగా. కనిపించని చోట పెట్టకండి. ముక్కలుగా ఉంటే ముక్కలుగానే ఉంచండి. నామీద జాలిపడకండి."

"ఆకాశం మీద నేను..." అని ఆగిపోయింది హెర్లిందా.

"తెలుసు. పదేళ్ళుగా మీ బల్ల మీంచి ఆకాశం బయటికి రాలేదు. నాకు అప్పుడు కళ్ళున్నాయి."

ఆవిడ పక్కబల్ల వైపు చూసింది. అలవాటుగా అటు తోసేస్తే అయిపోయేది. తర్వాత లేచి, సొరుగు అడుగునుంచి తెల్లరంగు సీసా తీసింది. ఇరవై ఏడేళ్ళ నిబంధన ఒకటుంది, మచ్చ తీయవచ్చుగానీ లేనిది పెట్టకూడదని. అందుకని ముందుగా ప్రింట్లు రెండూ తిరగేసి వెనకాల పెద్ద అక్షరాలతో రాసింది. 'చేత్తో ముట్టినది. బయటికి ఇవ్వరాదు. హె. బ.'

కుంచె నాలుక మీద తిప్పింది. చెయ్యి వణికింది. చేతిని బల్లకేసి నొక్కిపట్టి, భూతద్దంలోకి వంగింది. మొదట నలుపు తప్ప ఏమీ లేదు. నలుపులో నక్షత్రాలు పొట్టిగీతలుగా ఉన్నాయి. దుమ్ముచుక్కలు ఏవో తెలుస్తూనే ఉన్నాయి. వాటి అంచు కత్తిరించినట్టుంటుంది. పెళ్ళికూతుళ్ళ మొహాల్లోంచి నేర్చుకున్నది అదే. పైనుంచి పడ్డదానికి అంచుంటుంది, చర్మంలో ఉన్నదానికి ఉండదు.

"ఒకటి కాదండీ," అంది కాసేపటికి. "రెండున్నాయి."

"లోపలిది పైనున్నవాళ్ళు కనిపెట్టింది. బయటిది నాది. బయటిది చెప్పండి."

"మాట్లాడకండి మరి."

ఆయన చిన్నపిల్లాడు మంగలి ముందు కూర్చున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ ఒక చుక్క పెట్టింది. దాని పక్కన ఇంకో చుక్క. మధ్యలో ఒకచోట పావుగంటసేపు కుంచె ఎత్తి పట్టుకుని ఉండిపోయింది. అక్కడ గీత ఉందో, ఉండాలని తను అనుకుంటోందో తెలియలేదు. కళ్ళు మూసుకుని, ప్రింటును తలకిందులు చేసి, అదేదో ముక్కూమొహం తెలీనివాళ్ళ ఫొటో అనుకుని మళ్ళీ చూసింది. ఉంది. అంచు లేకుండా, చర్మంలో ఉన్నట్టు ఉంది. చుక్క పెట్టింది. ఆ తర్వాత చెయ్యి వణకడం ఎప్పుడు మానేసిందో ఆవిడకే గుర్తులేదు.

ఐదవుతుండగా రెండు ప్రింట్లనూ పక్కపక్కన పెట్టింది. మధ్యలో గ్రహం ఉండాల్సిన చోట జానెడు ఖాళీ వదిలింది. తెల్లరంగు ఆరి, గోరుకు తగిలేంత మందంగా తేలింది.

"వేలు ఇవ్వండి," అంది.

ఆయన చూపుడువేలు పట్టుకుని ఎడమ సగంలో పైకొస మీద పెట్టింది. వేలు మెల్లగా కిందికి దిగింది. వంపు తిరిగింది. నెస్‌హైమ్ పెదవులు ఏదో లెక్కపెడుతున్నట్టు కదులుతున్నాయి. కింది అంచుకొచ్చేసరికి రంగు ఆగిపోయింది. వేలూ ఆగింది.

"ఇక్కడ లేదా?" గొంతు పలచబడింది.

"ఇక్కడితో ఫొటో అయిపోయిందండీ. రెండో సగం ఇంకాస్త అవతల మొదలవుతుంది. మధ్యలో ఏముందో నేను చూడలేదు. చూడనిది పెట్టలేదు."

"మంచిపని చేశారు. ఆ ఖాళీ కెమెరాది." ఆయన వేలును అదే వంపులో బల్ల చెక్క మీదుగా పోనిచ్చాడు. అది తిన్నగా వెళ్ళి కుడి ప్రింటు మీద తెల్లరంగు మొదలైనచోటే తగిలింది. ఆయన ఊపిరి పెద్దగా వదిలాడు. అక్కడినుంచి వేలు ఎక్కడా ఆగకుండా పైకెక్కి, మళ్ళీ బల్ల దాటి, మొదలుపెట్టినచోటికి వచ్చింది.

"ఇంకొక్కసారి," అన్నాడు. ఇంకోసారి తిరిగొచ్చాడు. మూడోసారి తిరుగుతుంటే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. అది తడిసిపోయింది మరి. హెర్లిందా కూడా ఏడ్చింది. ఏడవలేదని తర్వాత బుకాయించింది గానీ ఏడ్చింది.

"ముక్కలు కాదు," అన్నాడాయన.

"కాదండీ. కొన్నిచోట్ల మరీ పలచగా ఉంది, అంతే. ఒకచోట పావుగంట పట్టింది నాకు."

"రేపు పదింటికి చెబుతాను. వాళ్ళు భుజం తట్టారని కాదు, నా వేలితో నేను తెలుసుకునే చెబుతాను. ఇవి రెండూ నాకివ్వండి. పాతదాని పక్కన పెట్టుకుంటాను."

"బయటికి ఇవ్వకూడదని వెనకాల రాశానండీ."

"నా గది బయటెలా అవుతుంది?"

అప్పుడే వెండెల్ తలుపు తోసుకుని పిడికెడు వేరుశనగపప్పులతో వచ్చాడు. బల్ల చూశాడు, ప్రింట్లు చూశాడు, తెల్లరంగు సీసా చూశాడు. ఏదో తిక్కమాట అందామని నోరు తెరిచి, హెర్లిందా మొహం చూసి ఆగిపోయాడు. ఆవిడ ఏదో చెప్పబోయింది. అప్పుడు వెండెల్‌కు ఆవిడ నోట్లో ఏదో కనిపించింది.

"తియా, నాలుక చాపు."

"ఎందుకు?"

"చాపమన్నానా!"

చాపింది. ఇరవై ఏడేళ్ళుగా బూడిద రంగులో ఉన్న నాలుక కొస సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. వెండెల్ పప్పులన్నీ ఆవిడ దోసిట్లో పోశాడు.

"అమ్మయ్య," అన్నాడు. "పదేళ్ళకైనా మింగింది కక్కేశావు."

హెర్లిందా నవ్వింది. ఈసారి అందరితోపాటు నవ్వాలని నవ్వినది కాదు. కళ్ళలో నీళ్ళు తిరిగి, దోసిట్లో పప్పులు కిందపడేలా నవ్వింది.

"ఏమైంది? నాకూ చూపించండి," అన్నాడు నెస్‌హైమ్.

ఆవిడ కుర్చీలోంచి ముందుకు వంగి, సిగ్గుపడకుండా, చిన్నపిల్లలా మళ్ళీ నాలుక చాపింది. ఆయన మొహం గోడవైపు తిప్పి, మిగిలిన కంటి అంచుతో చాలాసేపు చూశాడు.

"కనిపిస్తోందండీ," అన్నాడు.